మూడో వంతు వంతెన

కమిషనరు గారు సెలవు పెట్టి పులిని చూడ్డానికి వెళ్ళకపోయి ఉంటే గుమ్మడివలస వంతెనకి ఏ గొడవా ఉండేది కాదు. వెళ్ళిన మనిషి పులిని చూసి, పులి తనని చూడనందుకు దేవుడికో దణ్ణం పెట్టుకుని తిరిగి రావచ్చు. ఆయన కొత్త కెమెరా మెడకి తగిలించుకుని మరీ వెళ్ళారు. పులి కనబడింది. కనబడగానే ఎవరైనా చేసే పనే ఆయనా చేశారు. దాన్ని సరిగ్గా ఫోటో నడిమధ్యన పెట్టి మీట నొక్కారు.

సాయంత్రం విడిదిలో టీ తాగుతుండగా, పక్క కుర్చీలో ఉన్న ఒక పేరుమోసిన ఫోటోగ్రాఫరు ఆ ఫోటో చూసి, "పులి బాగానే ఉంది గానీ, మధ్యలో ఎందుకు పెట్టారు?" అని అడిగాడు. కమిషనరు గారి సర్వీసులో అప్పటిదాకా ఆయన్ని ఎవరూ ఎందుకు అని అడిగి ఎరగరు. అందుకే ఆ మాట సూటిగా వెళ్ళి గుండెలో దిగింది. ఫోటోగ్రాఫరు ఓ కాగితం మీద గీతలు గీసి చూపించాడు. ఫోటోని నిలువునా మూడు భాగాలు, అడ్డంగా మూడు భాగాలు చేసుకోవాలి. చూపించదలుచుకున్నది మధ్యలో కాకుండా ఆ గీతల మీదో, గీతలు కలిసే చోటో ఉండాలి. పులి ఎటు చూస్తోందో అటు కాస్త ఖాళీ వదలాలి. నేలా నింగీ కలిసే గీత నడుముకి రాకూడదు. కమిషనరు గారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సెలవు మిగిలి ఉండగానే రాజధానికి వచ్చేశారు.

ఆయన ఏలుతున్నది గ్రామీణ వంతెనల శాఖ. ఆ శాఖలో ఏ వంతెన పూర్తయినా దాని ఫోటో ఒకటి యాప్‌లో పెట్టాలన్న నియమం ముందునుంచీ ఉంది. పెట్టేవాళ్ళు పెడుతున్నారు. చూసేవాళ్ళు లేరు కాబట్టి అందరూ సుఖంగా ఉన్నారు. కమిషనరు గారు వచ్చిన రోజునే కూర్చుని ఆ ఫోటోలన్నీ తిరగేశారు. రాష్ట్రంలో ఉన్న వంతెనలన్నీ ఫోటోల నడిమధ్యన నిలబడి ఉన్నాయి.

"ఇన్నేళ్ళూ మన శాఖ ఏం చేస్తోందో నాకు ఇప్పటికి అర్థమైంది" అన్నారు మర్నాడు సమావేశంలో. "వంతెనని మధ్యలో పెట్టి నొక్కేస్తోంది. అంతే." అప్పటిదాకా శాఖ వంతెనలు కడుతోందని నమ్ముతున్న జాయింటు డైరెక్టర్లు సిగ్గుతో తలలు వంచుకున్నారు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది ఇంజనీర్లకు తెలియజేయునదేమనగా, వంతెన పూర్తయినట్లు నిరూపించు తుది ఛాయాచిత్రము మూడో వంతు సూత్రమునకు లోబడి ఉండవలెను. అట్టి ఛాయాచిత్రము ఆమోదము పొందువరకు సదరు వంతెన పూర్తయినట్లు భావింపరాదు. పూర్తికాని వంతెనపై జనసంచారమును అనుమతించు ఉద్యోగి కఠిన చర్యకు పాత్రుడగును."

సరిగ్గా ఆ సర్క్యులరు వచ్చే వేళకి గుమ్మడివలస వంతెన పూర్తయింది. కట్టించిన ఏఈ పేరు లెంక త్రినాథరావు. ఇనుము, ఇసుక, సిమెంటు విషయంలో ఒకరు వేలెత్తి చూపించే పని ఆయన చెయ్యడు. ఫోటోల సంగతి మాత్రం వేరు. ఫోను మొహానికి ఎదురుగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని నొక్కుతాడు. ఆయన తీసిన ఫోటోల్లో వంతెన ఎలా వచ్చిందో ఆయనకీ ఇంటికెళ్ళాకే తెలుస్తుంది.

గుమ్మడివలస గెడ్డకి అవతల ఉంది. గెడ్డ అంటే ఆ వైపు వాళ్ళకి వాగు. ఎండాకాలం అది మోకాలి లోతు నీళ్ళతో మర్యాదగా ఉంటుంది. వానలు పడితే ఊరు ఊరంతా అవతలే ఉండిపోతుంది. జ్వరమొచ్చినా పామే కరిచినా ఆ మనిషిని మంచం మీద కట్టి, నలుగురు భుజాన పెట్టుకుని, మెడలోతు నీళ్ళలో దిగాలి. అలా దిగినవాళ్ళందరూ ఇవతలి ఒడ్డుకి చేరలేదు. చేరనివాళ్ళలో పైడితల్లమ్మ పెనిమిటి ఒకడు. వంతెన పని మొదలైన నాటినుంచీ ఆమె రోజూ వచ్చి గట్టున కూర్చుని, పునాది దగ్గర్నుంచి పిట్టగోడ దాకా తన ఇల్లు కట్టిస్తున్నంత శ్రద్ధగా చూసుకుంది.

"కోడలికి ఆరుద్ర కార్తెలో నెలలు నిండుతాయి బాబూ" అంది త్రినాథరావుతో. "ఆలోగా ఈ తాళం తీసేత్తావు కదా?"

వంతెనకి రెండు చివరలా వెదురు బొంగులు అడ్డంగా కట్టి, గొలుసు చుట్టి తాళం వేసి ఉంది. త్రినాథరావు నవ్వాడు. "అప్పటిదాకా ఎందుకమ్మా, ఒక ఫోటో పెట్టేస్తే చాలు. ఈ వారంలో నీ కోడలు వంతెన మీద నడుస్తుంది. నాది పూచీ."

పూచీ ఇచ్చి ఫోటో పెట్టాడు. రెండో రోజుకి జవాబు వచ్చింది. "విషయము చిత్రమధ్యమున కలదు. తిరస్కరించడమైనది."

సరే, మధ్యలో ఉండకూడదంటున్నారు కాబట్టి ఓ పదడుగులు కుడికి జరిగి, వంతెన ఎడంపక్కకి వచ్చేలా తీసి పెట్టాడు. "ఆకాశము, భూమి సమపాళ్ళలో ఉన్నవి. శాఖ ఏ పక్షమో స్పష్టము కాలేదు. తిరస్కరించడమైనది." గట్టు మీద బోర్లా పడుకుని ఆకాశం ఎక్కువ వచ్చేలా తీశాడు. "చూపరి చూపును వంతెన వైపు నడిపించు రేఖ ఏదియు లేదు. చూపరి దారి తప్పుచున్నాడు. తిరస్కరించడమైనది."

ఆ దారి తప్పుతున్న చూపరి ఎవరో త్రినాథరావుకి అంతుపట్టలేదు. ఊళ్ళో వాళ్ళెవరూ దారి తప్పడం లేదు. వంతెనకి తాళం ఉంది కాబట్టి దాని కిందనుంచి ఎప్పట్లాగే గెడ్డలో దిగి, చీరలూ పంచెలూ ఎగగట్టుకుని దాటుతున్నారు. వంతెన వల్ల వాళ్ళకి ఒక లాభం మాత్రం వెంటనే కలిగింది. దాటేటప్పుడు నెత్తిన నీడ దొరికింది.

నడిపించే రేఖ కావాలి కాబట్టి, వంతెనకి తిన్నగా వస్తున్న కంకర దారిని వంకర తిప్పించాడు. ఫోటోలో అది కింది మూలన మొదలై, సోమరిగా ఒళ్ళు విరుచుకుని, వంతెన దగ్గరికి చేరింది. ఆ వంకర చూపుని బాగానే నడిపించింది గానీ బళ్ళని నడిపించలేదు. కంది బస్తాలతో వస్తున్న ఎడ్లబండి ఒకటి ఆ మలుపులో పక్కకి ఒరిగిపోయింది. బండివాడు త్రినాథరావు ఏడు తరాల్నీ పేరు పేరునా తల్చుకున్నాడు. ఫోటో మళ్ళీ తిరిగొచ్చింది. ఈసారి కారణం, చిత్రంలో ప్రాణి లేకపోవడం.

ఇలా లాభం లేదని త్రినాథరావు జిల్లా కేంద్రానికి వెళ్ళాడు. అక్కడ అప్పుడే ఒక కొత్త ఆఫీసు వెలిసింది. గుమ్మం మీద 'జిల్లా దృశ్యవిన్యాసాధికారి' అని బోర్డు. లోపల అవసరాల సుదర్శనం గారు కూర్చుని ఉన్నారు. ఆయన నిన్నమొన్నటిదాకా తూనికలూ కొలతల్లో పనిచేసి, డిప్యుటేషన్ మీద ఇటు వచ్చారు. కొలిచేవాడికి పులి అయినా పులిహోర అయినా ఒకటే. ఆయన త్రినాథరావు ఫోటోల్ని స్కేలు పెట్టి కొలిచి, "మీ వంతెన గీతకి నాలుగు మిల్లీమీటర్లు తక్కువగా ఉంది. తక్కువ తూచడం నేరం" అన్నారు.

"సార్, అక్కడ ఒక నెలలు నిండబోతున్న మనిషుంది. వానలొచ్చేస్తున్నాయి" అన్నాడు త్రినాథరావు.

"సంతోషం" అన్నారు సుదర్శనం గారు. "వాన వస్తే ఆకాశానికి ఒక నిండుదనం వస్తుంది. నేను స్వయంగా క్షేత్ర పరిశీలనకి వస్తాను."

అన్నమాట ప్రకారం వచ్చారు. జీపులోంచి ఇద్దరు మనుషులు ఓ పెద్ద చెక్క చట్రం దింపారు. తలుపంత ఉంది. దానికి నిలువునా రెండు, అడ్డంగా రెండు నవారు పట్టీలు బిగించి ఉన్నాయి. పట్టీలు కలిసే చోట్లని సుదర్శనం గారు శక్తిబిందువులంటారు. చట్రాన్ని గట్టున నిలబెట్టించి, దాని వెనకాల చేతులు కట్టుకుని నిలబడి, పెళ్ళికూతుర్ని చూసినట్టు గెడ్డని చాలాసేపు చూశారు. అవతలి ఒడ్డున గడ్డివాము ఒకటి కుడి కింది శక్తిబిందువుకి అడ్డం వస్తోందన్నారు. గడ్డివాము పీకించారు. మందలో రెండో వరసన ఉన్న తెల్ల ఆవు చిత్రం బరువుని ఒకవైపుకి లాగేస్తోందన్నారు. ఆవుని తోలించారు. అది మళ్ళీ వచ్చింది. మళ్ళీ తోలించారు.

ప్రాణి కావాలన్నారు కాబట్టి పైడితల్లమ్మని ఎడమ శక్తిబిందువు దగ్గర, చంకన బిందెతో నిలబెట్టారు. ఆమె అలవాటు కొద్దీ అవతలున్న తన ఇంటి వైపు చూస్తోంది.

"అమ్మా, నువ్వు చిత్రంలోంచి బయటికి చూస్తున్నావు" అన్నారు సుదర్శనం గారు. "అలా చూడకూడదు. నీ చూపుకి ముందర చోటు వదిలాం. అటు, వంతెన వైపు చూడాలి. ఆశగా."

"నానెటు సూత్తే మీకేటి బాబూ? ఇంటికాడ కోడలొక్కర్తీ ఉంది."

"అది చిత్రంలో కనబడదు కదా. వంతెన మీద నడవాలన్న కోరిక నీ ముఖంలో వ్యక్తం కావాలి."

"అయితే ఆ తాళం తియ్యండి. ముకంలో ఎందుకు, కాళ్ళతోనే నడిసి సూపెడతాను" అంది పైడితల్లమ్మ.

సుదర్శనం గారు ఆ మాట విననట్టే చట్రంలోంచి మరోసారి చూశారు. చూసి పెదవి విరిచారు. అసలు జబ్బు ఆవులోనూ లేదు, ముసలామెలోనూ లేదు. వంతెనలోనే ఉందని ఆయనకి తట్టింది.

"త్రినాథరావు గారూ, మీ వంతెన ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా ఉంది" అన్నారు.

"అవును సార్" అన్నాడు త్రినాథరావు. రెండేళ్ళలో తను చేసిన పనిని ఒక అధికారి గుర్తించడం అదే మొదటిసారి కాబట్టి కాస్త పొంగిపోయాడు కూడా.

"అదే దోషం. చట్రమంతా వంతెనే ఆక్రమించేసింది. ఖాళీ ఏదీ? రెండు ఒడ్లూ ఒకే చిత్రంలో కనబడిపోతే చూపరి ఊహకి మీరు మిగిల్చిందేముంది?"

"సార్, వంతెన అంటేనే రెండొడ్లు కలపడం కదండీ."

"అది ఇంజనీరు దృష్టి" అన్నారు సుదర్శనం గారు జాలిగా. "మూడో వంతు సూత్రం ఏమంటోంది? మూడో వంతు విషయం, రెండు వంతులు విరామం. ఈ ఒడ్డునుంచి మొదలై, మూడో వంతు దాకా వెళ్ళి, ఆగిపోయిన వంతెన. ఆ పైన ఆకాశం, నీళ్ళు, నిశ్శబ్దం. ఊహించండి." తను మాత్రం కళ్ళు మూసుకుని ఊహించి, నోట్లో తమలపాకు వేసుకుని జీపెక్కారు.

త్రినాథరావు దాన్ని వేళాకోళమనుకున్నాడు. ఆ శాఖలో వేళాకోళం చేసే అధికారం ఎవరికీ లేదని మరిచిపోయాడు. సుదర్శనం గారు ఆ ఊహని ఫైలులో పెట్టి పైకి పంపారు. కమిషనరు గారు దాని మీద "అందమైన ఆలోచన, పరిశీలించండి" అని రాశారు. కింద ఉన్నవాడు పరిశీలించండి అంటే మూలన పడెయ్యమని. పైనున్నవాడు అంటే వెంటనే కానిమ్మని. జాయింటు డైరెక్టరు గారు వెంటనే ఉత్తర్వు ఇచ్చారు. గుమ్మడివలస వంతెనలో అవతలి ఒడ్డు వైపున్న రెండు వంతులు తొలగించవలెను. మిగిలిన దానిని చిత్రీకరించి ఆమోదము పొందవలెను. పిమ్మట మధ్య భాగమును ఒక వంతెనగను, చివరి భాగమును మరొక వంతెనగను భావించి, విడివిడిగా నిర్మించి, విడివిడిగా చిత్రీకరించుటకు ప్రతిపాదనలు పంపవచ్చును. దీనివలన శాఖ లెక్కలలో ఒక వంతెనకు బదులు మూడు వంతెనలు చేరును గనుక, ఈ విధానము ఇతర జిల్లాలకును ఆదర్శము కాగలదు.

ఈలోగా ఈ గాలి మిగతా శాఖలకీ సోకింది. ఏ శాఖా వెనకబడ్డామనిపించుకోడానికి ఇష్టపడదు కదా. పోలీసులు నేరస్తుల ఫోటోల్లో చూపుకి చోటు వదలడం మొదలుపెట్టారు. నేరస్తులందరూ పక్కకి తిరిగి దూరంగా కొండల వైపు చూస్తున్నట్టు వచ్చారు. ఫోటోలు చాలా బాగున్నాయన్నారు. నేరస్తుల్నే ఎవరూ పోల్చుకోలేకపోయారు. బళ్ళలో పిల్లల్ని గదికి ఒక మూలన కూర్చోబెట్టి, మిగతా రెండు వంతుల గదినీ విరామం కింద వదిలారు. మనిషికి గుండె నడిమధ్యన కాకుండా కాస్త ఎడమకి ఉన్నందుకు వైద్యశాఖ మాత్రం ఏ మార్పూ లేకుండానే మెచ్చుకోలు పత్రం కొట్టేసింది.

ఉత్తర్వు చదువుకున్న రోజు త్రినాథరావుకి అన్నం సయించలేదు. రెండు వేసవులు నెత్తిన తడిగుడ్డ వేసుకుని నిలబడి పోయించిన కాంక్రీటు అది. ఒక్కో స్తంభానికి ఎన్ని తట్టలు పడ్డాయో ఆయన భుజాలకి తెలుసు. ఉద్యోగంలో తిట్లు తిన్నాడు, బదిలీలు తిన్నాడు, ఎప్పుడూ ఇంత బాధ పడలేదు. పైగా పైడితల్లమ్మకి ఇచ్చిన పూచీ ఒకటి ఉంది. తాళం తియ్యనంటే ఆమె తిట్టి ఊరుకుంటుంది. వంతెనే తీసేస్తున్నామని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

చెప్పక తప్పదు కాబట్టి చెప్పాడు. ఆమె తిట్టలేదు. "మూడో వంతు వంతెనతో ఏటి సెయ్యమంటారు బాబూ? అక్కడిదాకా నడిసి గెడ్డలో దూకీమంటారా?" అని మాత్రం అడిగింది.

ఆరుద్ర కార్తె ప్రవేశించింది. ఎగువన కొండల్లో వాన మొదలైంది. పగలగొట్టే యంత్రాన్ని పంపుతున్నామనీ, ఆ శుభకార్యానికి తామే స్వయంగా వస్తున్నామనీ సుదర్శనం గారు కబురు పంపారు. ఆ రోజు పొద్దున త్రినాథరావు గట్టు మీదకి వెళ్ళేసరికి గెడ్డ ఎర్రగా, నిండుగా, రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతోంది. ఇవతల వాన్లో యంత్రం తన ఇనప చెయ్యి పైకెత్తి నిలబడి ఉంది. దాని పక్కన గొడుగు కింద, చేతిలో యాప్ తెరిచిన ఫోనుతో సుదర్శనం గారు, గొడుగు లేకుండా ఆయన చట్రం.

అవతలి ఒడ్డునుంచి కేకలు వినబడ్డాయి. నలుగురు మనుషులు మంచం ఒకటి మోసుకుని వంతెన అవతలి చివరకి వచ్చారు. మంచం మీద టార్పాలిన్ కప్పుకుని పైడితల్లమ్మ కోడలు గౌరి. పక్కనే తడిసి ముద్దయి పైడితల్లమ్మ. గెడ్డలో దిగే దారి లేదు. వంతెనకి తాళం ఉంది. ఇంతలో ఎవరు ఫోను చేశారో, ఇవతలి వైపు వంకర దారిలో ఊగుతూ తూగుతూ అంబులెన్సు వచ్చి, యంత్రం వెనకాల ఆగి హారను కొట్టింది.

"బాబూ, నొప్పులు మొదలయ్యాయి" అని అరిచింది పైడితల్లమ్మ అవతల్నుంచి. ఆ మాట ఒక్కటే త్రినాథరావుకి వినబడింది. మిగతాది నీళ్ళ చప్పుడులో పోయింది.

ఆయన తిన్నగా సుదర్శనం గారి దగ్గరికి వెళ్ళాడు. "సార్, తాళం తియ్యాలి."

"ఆమోదం రాలేదు కదా."

"రాలేదు సార్."

"ఆమోదం లేని వంతెన శాఖ దృష్టిలో లేనట్టే. లేని వంతెన మీదకి అంబులెన్సుని ఎలా పంపుతారు? పడిపోదూ?"

త్రినాథరావుకి జీవితంలో మొదటిసారి పై అధికారి మాటకి జవాబివ్వాలనిపించలేదు. యంత్రం నడిపేవాడి వైపు తిరిగి, "ఏవయ్యా, ఆ గొలుసు లాగెయ్" అన్నాడు. వాడు రెండు వంతుల వంతెన పగలగొట్టడానికి వచ్చినవాడు. గొలుసు ఏపాటి? ఇనప చెయ్యి వంగింది, తాళం పుల్లలా విరిగింది, వెదురు బొంగులు గెడ్డలో పడి కొట్టుకుపోయాయి. కాగల కార్యం గంధర్వులే తీర్చారు. అవతలి గొలుసుని ఊరివాళ్ళు అప్పటికే గొడ్డలితో తీర్చేశారు. అంబులెన్సు వంతెన మీదకి ఎక్కింది.

"ఆపండి, ఫోటో లేదు, ఆపండి" అంటూ సుదర్శనం గారు వెనక్కి నడిచారు. వెనకాల ఆయన చట్రమే ఉంది. నవారు పట్టీల మధ్య కాలు ఇరుక్కుని, గొడుగూ ఆయనా ఫోనూ తలో దిక్కుకి పడ్డారు. పడడంలో వేలు తగిలి ఫోను ఒక ఫోటో తీసింది. నొక్కీ నొక్కగానే ఫోటో దానంతటదే రాజధానికి వెళ్ళిపోయేలా యాప్‌ని ఈ మధ్యనే సవరించారు. అదీ వెళ్ళిపోయింది. అందులో వంతెన ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. అంబులెన్సు నడిమధ్యన మసగ్గా పరిగెడుతోంది. ఆకాశం, భూమి సమపాళ్ళలో ఉన్నాయి. మూలన సుదర్శనం గారి బొటనవేలు.

అంబులెన్సు అవతల గౌరిని ఎక్కించుకుని తిరిగి వంతెన దాటింది. ఆస్పత్రి చేరే లోపలే అందులో ఆమెకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా కులాసా అని డ్రైవరు ఫోను చేస్తే, త్రినాథరావు వాన్లో నిలబడి ఏడ్చాడు. ఎవరైనా అడిగితే వాన చుక్కలని చెబుదామనుకున్నాడు. ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది. పైడితల్లమ్మ మాత్రం వంతెన ఆ చివరనుంచి ఈ చివరకి, ఈ చివరనుంచి ఆ చివరకి, పనేమీ లేకపోయినా రెండు మార్లు నడిచింది.

సస్పెన్షన్ కోసం సిద్ధపడి త్రినాథరావు బట్టలు సర్దుకున్నాడు. సుదర్శనం గారు కూడా తన తూనికలూ కొలతలకి తిరిగి వెళ్ళడానికి సిద్ధపడ్డారు. విషయాన్ని నడిమధ్యన పెట్టిన దృశ్యవిన్యాసాధికారికి అంతకంటే ఏం మిగులుతుంది? రాజధానిలో కమిషనరు గారు ఆ ఫోటో చూసి ముందు అదిరిపడ్డారు. తరవాత ఎందుకైనా మంచిదని పులుల దగ్గర పరిచయమైన ఫోటోగ్రాఫరుకి పంపారు. ఆయన చూసి, "ఇదీ ఫోటో అంటే. దీంట్లో ప్రాణం ఉంది. ఎవరు తీశారో గానీ సూత్రాలన్నీ ఒక్క దెబ్బకి బద్దలు కొట్టాడు" అన్నాడు.

ఆ సాయంత్రానికల్లా గుమ్మడివలస వంతెనకి ఆమోదం వచ్చేసింది. పగలగొట్టే ఉత్తర్వు రద్దయింది. సుదర్శనం గారు రాష్ట్ర దృశ్యవిన్యాసాధికారి అయ్యారు. ఆయన బొటనవేలిని కమిషనరు గారు సభలో ప్రత్యేకంగా ప్రస్తావించారు. త్రినాథరావు బట్టలన్నీ పెట్టెలోంచి తీసి మళ్ళీ దండెం మీద వేసుకున్నాడు. ఇన్నాళ్ళకి దేవుడు చల్లగా చూశాడనుకున్నాడు. ఆ అనుకోవడం సర్క్యులరు వచ్చేదాకా నిలిచింది.

"ఇదివరకటి సూత్రములన్నియు రద్దుచేయడమైనది. ఇకపై తుది ఛాయాచిత్రమునందు వంతెన ఒరిగియు, మసకగను, నడిమధ్యన ఉండవలెను. వర్షము కురియుచుండవలెను. వంతెనపై అంబులెన్సు పోవుచుండవలెను. అందులో నెలలు నిండి నొప్పులు పడుచున్న స్థానిక లబ్ధిదారు ఒకరు తప్పనిసరి. నటన అనుమతింపబడదు. అధికారి బొటనవేలు ఐచ్ఛికము."

గుమ్మడివలసకి ఎగువన, కొండ కింద, చింతలగెడ్డ మీద త్రినాథరావుదే ఇంకో వంతెన అప్పటికి సిద్ధమై తాళం వేసుకుని కూర్చుంది. అవతల ఉన్నది చిన్న ఊరు. ఆ ఊరి పెద్ద పేరు జన్ని సోములు. త్రినాథరావు వాన తెరిపిచ్చిన రోజు చూసుకుని, గెడ్డలో దిగి దాటి వెళ్ళి, మొహమాటపడుతూనే అడిగాడు.

"సోములు గారూ, మీ ఊళ్ళో నెలలు నిండినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

సోములు చుట్ట తీసి పక్కన పెట్టాడు. "నెలలు నిండడం మాట అలాగుంచు బాబూ, కొత్తగా పెళ్ళయినోల్లే లేరు. ఉన్నోల్లు ముసిలోల్లం. మిగిలినోల్లు పెళ్ళీడు కుర్రోల్లు. ఈ ఊరికి పిల్లనివ్వడానికి ఎవలూ దిగిరావట్లేదు. ఎన్నేళ్ళయిందో ఇక్కడ పెళ్ళి బాజా ఇని."

త్రినాథరావు అరుగు మీద కూర్చుని లెక్క వేసుకున్నాడు. వంతెన తెరవాలంటే ఫోటో కావాలి. ఫోటోకి పురుడు కావాలి. పురుడుకి పెళ్ళి కావాలి. ఎంత తొందరపడినా వచ్చే ఏటి వానల లోపల కాదు. సర్కారు ఇంజనీరు ఈ జన్మలో ఇంక చెయ్యని పని ఏం మిగిలింది, ఇదొక్కటేగా అనుకుని, సోముల్ని వెంటబెట్టుకుని పెళ్ళిళ్ళ పేరయ్య అవతారం ఎత్తాడు. కుర్రవాళ్ళలో బుద్ధిమంతుణ్ణి ఒకణ్ణి ఏరాడు. పేరు బుద్రయ్య. జీడితోట ఉంది, తాగుడు లేదు. దిగువ ఊళ్ళో ఈడైన పిల్ల ఉందని విని, పళ్ళూ తమలపాకులూ పట్టుకుని సోములుతో పాటు వెళ్ళాడు.

పిల్ల తండ్రి మర్యాదస్తుడు. మంచం వాల్చి కూర్చోబెట్టాడు, మజ్జిగ ఇచ్చాడు. ఇంజనీరు బాబే స్వయంగా పిల్లనడగడానికి రావడం చూసి వీధి వీధంతా గుమ్మంలో నిలబడింది. త్రినాథరావు కుర్రవాడి గుణగణాలన్నీ చెప్పాడు. తోట సంగతి చెప్పాడు. వాడు పిల్లని పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడని తన పూచీ ఇచ్చాడు. తండ్రి అన్నీ శ్రద్ధగా విన్నాడు. ఇంట్లోకి వెళ్ళి భార్యనీ కూతుర్నీ అడిగి వచ్చాడు. వాళ్ళకీ నచ్చిందన్నాడు. తమలపాకుల పళ్ళెం అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, తలగోక్కున్నాడు.

"అంతా బాగానే ఉంది బాబూ. మీరు పెద్దోరు, మీ మాట కాదనను. ముందర ఆ గెడ్డ మీద వంతెన తెరిపించీయండి, మర్నాడే ముహూర్తం పెట్టీసుకుందాం. వంతెన లేని ఊరికి పిల్లని ఎలాగిత్తాం సెప్పండి? రేపు దానికి పురుడొత్తే ఎలాగ?"